టైర్లక్క కిలోమీటర్ల లెక్క

బస్సు డిపోలో ఆవిడను అందరూ టైర్లక్క అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా టైర్ల స్టోరు ఆవిడ చేతిలోనే ఉంది. డెబ్బై బస్సుల టైర్ల నంబర్లూ ఆవిడకు నోటికొచ్చు.

ఒకే నెలలో మూడు టైర్లు దారిలో పేలిపోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, టైర్లక్కకు అన్నం సయించలేదు. కంప్యూటరు రిపోర్టు చూస్తే మూడూ తిరగాల్సిన దూరంలో సగం కూడా తిరగలేదని ఉంది.

ఆ రిపోర్టు లెక్కగట్టే క్వెరీని ప్రింటు తీయించి, ఆదివారం పొద్దున్నే కోడలి ముందు పెట్టింది. కోడలు ఓ ఆఫీసులో డేటాబేసులు చూస్తుంది.

"ఇది రన్నింగ్ టోటల్, అత్తయ్యా. ఒక్కో ట్రిప్పు దగ్గరా అప్పటిదాకా ఎన్ని కిలోమీటర్లయ్యాయో కూడుకుంటూ పోతుంది. ఇదిగో, దేనికి దానికి లెక్క విడదీసే ఈ పార్టిషన్ బై అన్నచోట టైరు నంబరుతో పాటు బస్సు నంబరూ ఉంది. టైరు బస్సు మారితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు."

టైర్లక్క కాగితం లాక్కున్నంత పని చేసింది. "అరిగేది టైరు కదమ్మా! ఒక్కో టైరు నాలుగు బస్సులు మారుతుంది. అక్కడ టైరు నంబరొక్కటే ఉంచు."

కోడలు అలాగే మార్చింది. "వరుసకు మాత్రం తేదీ ఒక్కటే ఉంటే చాలదు. ఒకే రోజు ట్రిప్పులన్నిటికీ ఒకే మొత్తం చూపిస్తుంది. ట్రిప్పు నంబరు కూడా చేరుద్దాం."

సోమవారం టైర్లక్క డిపోలో ఒంటివేలితో ఆ క్వెరీ కొట్టింది. తొంభై వేలు దాటిన టైరొకటి బయటపడింది. హద్దు ఎనభై వేలు. టైర్లు బిగించే మేస్త్రీ నవ్వాడు.

"నిన్నే చూశానక్కా, నిక్షేపంగా ఉంది. కంప్యూటర్ చెప్పిందని మంచి టైరు పారేస్తామా?"

"విప్పి చూడు. బాగుంటే అందరి ముందూ నీకు సారీ చెప్తా."

విప్పాడు. లోపలి గోడలో వేలెడంత పగులు. మేస్త్రీ ఆ టైరును పక్కకు దొర్లించాడు. "మిగతా నంబర్లు కూడా చదువక్కా," అన్నాడు.

ఆ వారం బస్సుల నుంచి పదకొండు టైర్లు దిగాయి. మేనేజరు స్టోరు దాకా నడిచొచ్చి మెచ్చుకున్నాడు. ఆవిడ మాత్రం ఫోనులో కోడలితో వాదిస్తూ ఉంది: పైన కొత్త రబ్బరు వేసి రీట్రెడ్ చేసిన టైరుకు లెక్క సున్నా నుంచి మొదలవ్వాలా, పాతదాని మీదే కూడాలా అని.