వారం వెనక నడిచే యంత్రం

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను జనగామలో ఒక ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ని. రోగుల వివరాలన్నీ ఉండే అసలు డేటాబేస్ మహబూబాబాద్‌లోని మా పెద్ద దవాఖానలో ఉండేది. దాని స్టాండ్‌బై, అంటే దానికి తోడుగా పెట్టిన యంత్రం, నా గదిలో. అక్కడ నమోదైనదంతా ఇక్కడికీ చేరేది, కాకపోతే సరిగ్గా వారం ఆలస్యంగా. అక్కడ ఎవరైనా పొరపాటున ఏదైనా చెరిపేస్తే ఇక్కడైనా దొరకాలని అలా పెట్టారు. ఊరంతా ఈ మంగళవారంలో ఉంటే ఆ యంత్రం పోయిన మంగళవారంలో ఉండేది. ఆలోచిస్తే ఒళ్లు జలదరించేది.

భూపాలపల్లిలో కొత్త శాఖవాళ్లు పని నేర్చుకోవడానికి ఒక నకలు అడిగారు. స్టాండ్‌బైని నేరుగా వాడలేం. దాని నకలు తీసి వేరే కంప్యూటర్లో తెరవాలి. తెరవగానే ఆ నకలు తానే అసలుదాన్నని అనుకుంటుంది కాబట్టి, రోగుల ఫోన్లకు అది పంపే మెసేజీలు ముందే ఆపాలి. నేను మరిచిపోయాను. గొప్ప పనిమంతుణ్నని మురిసిపోతూ టీకి పోయాను.

మర్నాడు బుధవారం, బంద్. పాలకుర్తి నుంచి ఒక ముసలాయన సైకిల్ తొక్కుకుంటూ వచ్చి నా ముందు ఫోన్ పెట్టాడు. ఆయన భార్యను డయాలసిస్‌కు తీసుకురమ్మని మా మెసేజ్.

"ఆమె మొన్న శుక్రవారమే పోయింది బిడ్డా, గీ దవాఖానల్నే. ఇప్పుడు ఎవలను తోలుకరమ్మంటున్నరు?"

సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు నాదేనని ఒప్పుకుని, నకలు సంగతి, స్టాండ్‌బై సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే, ఆమె పోయినట్టు గీ మిషన్‌కు ఇంకా తెల్వదా?"

అసలు డేటాబేస్‌లో ఆమె పోయిన వేళ చూశాను. "ఎల్లుండి తెలుస్తది బాపు. శుక్రవారం పొద్దుగాల పదింటికి."

ఆయన యంత్రం వైపు తిరిగాడు.

"ఆమె పోయిన దినం గూడ బందే. నన్ను రోడ్డు మీద ఆపిండ్రు. నేనొచ్చేసరికి బట్ట కప్పిండ్రు," అన్నాడు. "ఎల్లుండి జర నన్ను కూసోనిస్తవా?"

చూడ్డానికేమీ ఉండదని, తెర మీద అంకెలు జరగడమే కనిపిస్తుందని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను.

శుక్రవారం నేను తాళం తీసేసరికి ఉతికిన ధోవతి కట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. స్టూలు వేశాను. యంత్రం మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. గదిలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు పట్టపగలే భయం వేసింది. పది కాగానే అంకెలు జరిగాయి.

"గిప్పుడే, బాపు," అన్నాను.

ఆయన యంత్రం మీదికి వంగాడు.

"నేను ఈడనే ఉన్ననే," అన్నాడు.