ఊరందరి హెల్మెట్

మా ఊరు ఆదిలాబాద్ వైపు. మా ఆయన పనిచేసే జిన్నింగు మిల్లు పెన్‌గంగ అవతల, మహారాష్ట్రలో. వంతెనకు ఇవతల నాకా ఉంది. పోలీసులు బండ్లు ఆపి, హెల్మెట్ లేనివాళ్లను పక్కన నిలబెట్టేది అక్కడే. వంతెన దాటితే అడిగేవాడు లేడు. పత్తి లారీలు, బొగ్గు టిప్పర్లు ఏ పక్క నుంచి వస్తే అదే వాటి దారి. మావాళ్లకు మాత్రం లారీ భయం లేదు, నాకా భయం ఒక్కటే.

నేను రోజూ పోరుపెడితే ఆయన చివరికి హెల్మెట్ కొన్నాడు. దాని వెనక మా పాప పసుపు పువ్వు బొమ్మ అంటించింది. అది పెట్టుకుని ఆయన బయలుదేరితే నా ప్రాణం కుదుటపడేది.

ఒకనాడు నాకా పక్కన అంగడిలో ఆ పువ్వు బొమ్మ ఎవరి నెత్తిమీదనో కనిపించింది. సాయంత్రం ఆయన్ను నిలదీశాను. వంతెన దాటాక మనవాడెవడైనా ఉత్త నెత్తితో ఎదురొస్తే తీసి ఇచ్చేస్తాడట. వాడు దాంతో నాకా దాటి, ఇవతలి చాయ్ హోటల్లో పెట్టిపోతాడట. తిరిగొచ్చేటప్పుడు ఈయన ఇంకెవరిదో అడిగి పెట్టుకుని, హోటల్లో తనది తీసుకుంటాడట. అందరూ అంతేనట.

“నెత్తి నీదా, ఊరిదా?”

“ఊకోయే. నాకా కాడ మనిషి పరేషాన్ అయితుండు. జర సాయం చేస్తే ఏం పోతది?”

“నువ్వే పోతవ్.”

గట్లాంటి మాటలు ఇంట్ల అనద్దని అత్తమ్మ కసిరింది. అన్నం మానేశాను, పాప మీద ఒట్టు వేయించుకున్నాను. సరే సరే అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఒకరోజు పొద్దున మిల్లుకు పోతుంటే, వంతెన దాటాక టిప్పర్ రాంగ్ సైడులో వచ్చి ఆయన్ను కొట్టింది. చేతులు, కాళ్లు బాగానే ఉన్నాయి. దెబ్బంతా తలకే. “హెల్మెట్ లేదా?” అని డాక్టరు అడిగాడు. ఉందని చెప్పాను. ఏం చెప్పను మరి, అది అప్పుడు నాకా దాటుతోంది. మర్నాడు ఆయన పోయాడు.

దినాలకు ముందు పక్క ఊరతను పరామర్శకు వచ్చాడు. ఆ పొద్దున మిల్లులో రాత్రి పని ముగించి వస్తూ హెల్మెట్ తీసుకున్నది అతనే. దాన్ని నా ముందు పెట్టి ఏడ్చాడు.

“నేను అడగనే లేదక్కా. అన్ననే బండి ఆపి ఇచ్చిండు. వద్దన్నా ఇనలే.”

అతన్ని కొట్టాలనిపించింది. వీడికీ ఇంట్లో ఒక పెళ్లాం ఉంటుంది కదా అనిపించింది. చేతులు పట్టుకుని బతిమాలాను.

“నువ్వే ఉంచుకో తమ్మీ. బండెక్కితే నెత్తిమీదికెల్లి తియ్యకు. ఎవ్వలడిగినా ఇయ్యకు. నీ కాళ్లు మొక్కుత.”

కళ్లు తుడుచుకుంటూ తల ఊపాడు. బయటికెళ్లి, హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని బండి స్టార్ట్ చేశాడు. నేను చెప్పుల్లేకుండా సందు చివరిదాకా అరుస్తూ ఉరికాను. బండి చప్పుడులో అతనికి వినపడలేదు.

మా ఊరి నుంచి అతని ఊరికి పోయే దారిలో నాకా లేదు.