తొమ్మిదో అంతస్తులో గస్తీ

హైదరాబాద్‌లో రాయదుర్గం మెట్రో దిగి, నడిచి వెళ్లి డ్యూటీలో చేరాను. మే నెల. ఎండ నలభై డిగ్రీలు. నేవీలో ఇరవై ఏళ్లు చేసి రిటైరైన వాణ్ణి. ఈసారి నా ఓడ ఒక అద్దాల మేడలో తొమ్మిదో అంతస్తు. కనుచూపు మేరలో నీళ్లంటే వాటర్ ట్యాంకరే.

పని ఇదీ. హిందూ మహాసముద్రంలో ఒక చిన్న ద్వీప దేశం. జనం ఈ ఊళ్లోని బోరబండ బస్తీ అంత కూడా ఉండరు. చుట్టూ రెండు వందల మైళ్ల వరకు చేపలన్నీ వాళ్లవే. అక్కడ ఎవరు మునిగినా తీయాల్సిందీ వాళ్లే. ఉన్నది ఒకే గస్తీ ఓడ. అది ఎటు వెళ్లాలో కంప్యూటర్ తెరలు చూసి చెప్పే కాంట్రాక్టు మా కంపెనీది.

మా టీమ్ లీడ్ అమ్మాయిది ఆ బోరబండే. సముద్రం ఎప్పుడూ చూడలేదు. మొదటిరోజు నేను గుమ్మంలో అలవాటుగా సెల్యూట్ కొట్టాను.

"సెల్యూట్ కొడితే తలుపు తెర్సుకోదు సార్. కార్డు పెట్టుండ్రి" అంది.

ఒక ఉదయం తెర మీద ఆపద సంకేతం. పరాయి దేశపు చేపల పడవ. ఆరుగురు మనుషులు. ఇంజన్ ఆగిపోయి పగడపు దిబ్బల వైపు కొట్టుకుపోతోంది.

"దొంగచాటుగ చేపలు పట్టనీకి వచ్చినోళ్లే గద సార్. గీళ్లను గూడ కాపాడాల్నా?"

"ముందు మనిషిని తీయాలమ్మా. కేసు ఆ తర్వాత. సముద్ర చట్టం అదే."

గస్తీ ఓడ బయల్దేరింది. చెక్క పడవ వాళ్ల రాడార్‌కు అందడం లేదు. అది ఎక్కడుందో, ఉపగ్రహం మా తెరకు పంపే అంకెలు చూసి ఎప్పటికప్పుడు ఫోన్‌లో మేమే చెప్పాలి.

సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది. ఫైర్ డ్రిల్. అకౌంట్స్‌లో పనిచేసే ఫ్లోర్ వార్డెన్ ఎర్రటోపీ పెట్టుకుని విజిల్ ఊదుతూ వచ్చాడు.

"అందరు దిగుండ్రి! ఉత్త డ్రిల్లే గానీ మంటలున్నయనుకోవాలె!"

సైరన్ మోగితే కదలాలి. కాపలా వదలకూడదు. నేవీ నాకు రెండూ నేర్పింది. రెండూ ఒకేసారి వచ్చిపడితే ఏం చెయ్యాలో మాత్రం నేర్పలేదు.

"కాపలాను కూడా వెంట తీసుకుపోదాం" అన్నాను. టీమ్ లీడ్ తెరిచి ఉన్న లాప్‌టాప్‌ను హారతి పళ్లెంలా పట్టుకుంది. నేను ఫోన్ పట్టుకున్నాను.

మెట్ల మీద సిగ్నల్ పోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముందు వందల మంది, చేతుల్లో కాఫీ కప్పులతో, పెళ్లినడక.

"జర జరుగుండ్రి! పడవ మునుగుతున్నది!" అని ఆమె అరిచింది. డ్రిల్లు ఎంత బాగా చేస్తోందో అని మెచ్చుకుంటూ జనం దారిచ్చారు.

పార్కింగ్‌లోకి రాగానే సిగ్నల్ వచ్చింది. ఎవరిదో స్కూటీ సీటు మీద లాప్‌టాప్ పెట్టాం.

"ఎక్కడికి పోయారు మీరు?" గస్తీ ఓడ కెప్టెన్ ఇంగ్లీషులో అరిచాడు. "మీ స్థానం చెప్పండి!"

"టూ వీలర్ పార్కింగ్, సర్."

కెప్టెన్ గొంతు తగ్గించాడు. "సరే. పడవ స్థానం చెప్పండి."

ఆమె అంకెలు చదివింది. నేను ఫోన్‌లో చెప్పాను. మళ్లీ చదివింది, మళ్లీ చెప్పాను. తెర మీద రెండు చుక్కలు దగ్గరయ్యాయి. ఫోన్‌లో ఇంజన్ల హోరు, అరుపులు. భయం వేసింది. యుద్ధనౌక మీద కూడా అంత భయపడలేదు.

"ఆరుగురూ ఓడెక్కారు" అన్నాడు కెప్టెన్. "టీ ఇస్తున్నాం. కేసు కూడా రాస్తున్నాం."

వార్డెన్ తలలు లెక్కపెడుతూ మా దాకా వచ్చాడు. "తొమ్మిదో ఫ్లోరు! అందరు దిగిండ్రా?"

"అందరు ఎక్కిండ్రు సార్!" అంది ఆమె. వార్డెన్ అయోమయంగా చూసి, లెక్క మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

కాంట్రాక్టు ముగిశాక మా ఊరు విశాఖ తిరిగొచ్చేశాను. పొద్దున్నే బీచ్‌లో నడుస్తాను. ఏయే సముద్రాల్లో పనిచేశారండీ అని తోటివాళ్లు అడుగుతారు. ఎదురుగా అంత సముద్రం ఉన్నా నాకు కనిపించేది ఒక స్కూటీ సీటు, దాని మీద ఒకటైపోయిన రెండు చుక్కలు, ఐడీ కార్డు తాడుతో కళ్లు తుడుచుకుంటున్న ఆ బోరబండ అమ్మాయి.