వైదేహి కూర్చుని చూసిన సీటు

గురువారం మధ్యాహ్నం వైదేహి పెరుగన్నం డబ్బా మూత తీస్తుండగా మోటార్ సైకిళ్ల షోరూం నుంచి ఫోన్ వచ్చింది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో, అక్కడివాళ్లు సర్జరీ అని పిలిచే ఒక డాక్టర్ల క్లినిక్‌లో ఆమె రిసెప్షనిస్టు. స్టాఫ్ రూములో మిగతావాళ్లు యూరప్ యూనియన్లో ఉండాలా వద్దా అన్న రెఫరెండం మీద వాదులాడుకుంటున్నారు. ఆమె ఒక చెవి మూసుకుని విన్నది. చేసినవాడు షోరూం మార్టిన్. సింగిల్ సీటు వచ్చిందనీ, శనివారం బండి తెస్తే బిగించి ఇస్తాననీ చెప్పాడు. ఆ తర్వాత, అప్పుడు విప్పే వెనక సీటు ఇంటికి తీసుకెళతారా, పారేయమంటారా అని అడిగాడు.

"ఏ సీటు?" అంది వైదేహి.

"మీ సీటేనండీ" అన్నాడు మార్టిన్.

అతను ఆమెకు ఫోన్ చేయడంలో తప్పేమీ లేదు. కౌన్సిల్ నుంచి బాయిలర్ మనిషి దాకా ఆ ఇంటికి ఎవరు ఫోన్ చేయాలన్నా ఆమె నంబరుకే చేస్తారు. భర్త పార్థసారథి మత్తు డాక్టరు. ఆపరేషన్ థియేటర్లో ఉన్నంతసేపూ ఫోన్ తీయడానికి ఉండదు. అందుకని ఎవరు నంబరు అడిగినా భార్యది చెప్పడం ఆయనకు ఏళ్ల నాటి అలవాటు. ఈసారి ఆమెకు తెలియకుండా చేయించాలనుకున్న పనికి కూడా నోటికొచ్చిన ఆ నంబరే చెప్పేశాడు.

పెరుగన్నం అలాగే ఉండిపోయింది. ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. సాయంత్రం దాకా దగ్గులకూ నడుం నొప్పులకూ అపాయింట్‌మెంట్లు రాస్తూ కూర్చుంది.

ఆ బండి కోరిక నిజానికి ఇద్దరిదీ. పెళ్లయిన కొత్తలో తెనాలి నుంచి సూర్యలంక సముద్రం దాకా ఆదివారాలు పాత బండి మీద వెళ్లొచ్చేవారు. ఆమె వెనక ఒక పక్కకి కూర్చుని కుడిచెయ్యి ఆయన భుజం మీద వేసేది. బాపట్ల దాటాక ఉప్పుగాలి మొహానికి తగిలేది. ఆ తర్వాత ఈ దేశం, పరీక్షలు, హల్‌లో కొన్నాళ్లు, మిడిల్స్‌బ్రోలో కొన్నాళ్లు, చివరికి లీడ్స్. ఆయనకు నైట్ డ్యూటీలు, ఆమెకు పగలు ఉద్యోగం. ఫ్రిజ్ తలుపు మీద రెండు రోటాలు, ఇద్దరి డ్యూటీ పట్టికలు, పక్కపక్కనే అంటించి, ఇద్దరికీ ఖాళీ ఉన్న రోజు కనబడితే పెన్నుతో సున్నా చుట్టేవారు. కొన్ని నెలల్లో పెన్నుతో పనే పడేది కాదు.

కొడుకు రోహన్ చదువుకని బెల్‌ఫాస్ట్ వెళ్లాక పార్థసారథి బండి మాట ఎత్తాడు. ఆమె ససేమిరా అంది. బండి మీంచి పడి కట్లు కట్టించుకున్నవాళ్లు సర్జరీ కౌంటరు ముందుకు వస్తూనే ఉంటారు. ఆయన వదల్లేదు. టీ తాగుతూ అడిగాడు, చెత్తడబ్బా రోడ్డు మీదకు లాగుతూ అడిగాడు, ఆమె పుట్టినరోజునా అడిగాడు. చివరికి ఒక షరతు పెట్టింది.

"వెనకాల నేనుంటానంటే కొనండి. మీరొక్కరే ఊరేగే బండయితే ఇంటికి తేవద్దు."

"నువ్వు లేకుండా నేనెక్కడికి వెళతాను వైదేహీ?"

ఆ మాట నమ్మింది. ఫిబ్రవరిలో వరసగా శనివారాలన్నీ షోరూముల్లోనే గడిచాయి. మొదటి రోజు సల్వార్ కమీజులో వెళ్లి, చూపించిన బండి మీద తెనాలిలో కూర్చున్నట్టే ఒక పక్కకి కూర్చుంది. మార్టిన్ కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. ఈ దేశంలో అలా కుదరదు, అటో కాలు ఇటో కాలు వేయాలి, రెండు పాదాలూ ఫుట్‌రెస్టుల మీద ఉండాలి అన్నాడు. మరుసటి వారం రోహన్ వదిలేసిన ట్రాక్ ప్యాంటు కాళ్లు మడిచి వేసుకుని వెళ్లింది.

పార్థసారథి కన్ను నల్ల బండి మీద పడింది. పొడుగ్గా ఉంది, స్టార్ట్ చేస్తే షోరూం అద్దాలు అదిరాయి. వైదేహి ఎక్కి కూర్చుంది. మోకాళ్లు దాదాపు గడ్డం దాకా వచ్చాయి.

"కోడిపుంజు వీపు మీద కూర్చున్నట్టుందండీ."

ఇంకోదానికి ముందు సీటు సింహాసనంలా ఉంది గానీ వెనక అరచేతి వెడల్పు దిండు అతికించారు. "ఇది మనిషి కోసం కాదు. చేతి రుమాలు ఆరేసుకోవడానికి" అంది. ఆమె ఏమందో పార్థసారథి ఇంగ్లిషులో చెబితే మార్టిన్ పగలబడి నవ్వాడు.

"ఏం, ఇంజను బాగుంది కదా" అన్నాడు పార్థసారథి.

"మీరు ముందు కూర్చుని రోడ్డు చూస్తారు. నేను వెనక కూర్చుని మీ హెల్మెట్టు చూడాలి. నాకు కుర్చీ అయినా బాగుండొద్దూ?"

ముదురు ఎరుపు రంగు క్రూజర్ దగ్గర ఆమె ఆగింది. సీటు కిందికి ఉంది. ఆయన పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనుతున్నాయి, చేతులు ముందుకు సాచకుండానే హ్యాండిల్ అందుతోంది. వెనక వెడల్పాటి సీటు, వీపు ఆనించుకోవడానికి బ్యాక్‌రెస్ట్, పాదం మొత్తం పెట్టుకునేలా చదునైన పలకలు, రెండు పక్కలా సామాను పెట్టెలు. వైదేహి ఎక్కి, కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంది. ఎంతకీ దిగకపోయేసరికి మార్టిన్ టీ తెచ్చి బండి మీదే చేతికిచ్చాడు. నడుం ఎక్కడ నొప్పెడుతుందో తెలియాలంటే టీ చల్లారేదాకా కూర్చోవాలి అంది. చల్లారిన టీ తాగి, "ఇదే" అంటూ దిగింది. అలా మార్చిలో బండి ఇంటికి వచ్చింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం స్కిప్టన్ దాకా వెళ్లొచ్చారు. హెల్మెట్లలో మైకులు పెట్టించుకున్నారు. రాళ్ల గోడల మధ్య సన్నటి దారి, గొర్రెపిల్లలు, చినుకులు. ఇంట్లో రోటాల మధ్య చెప్పుకోవడం కుదరని కబుర్లన్నీ ఆమె వెనక నుంచి చెప్పుకొచ్చింది. ఆయన నవ్వు చెవి పక్కనే వినిపించింది. జూన్‌లో స్కాట్లండ్ ఉత్తరాన సముద్రం పక్క దారంతా వారం రోజుల్లో తిరిగి రావాలని అనుకున్నారు. ఆ వారం సెలవు కోసం వైదేహి సర్జరీలో తోటి రిసెప్షనిస్టు సాండ్రాతో మాట్లాడుకుంది. జూన్‌లో సాండ్రా తన వారం ఇస్తుంది, క్రిస్మస్ పండగ రోజుల డ్యూటీలన్నీ వైదేహి చేస్తుంది. ఫ్రిజ్ మీద రెండు రోటాల్లోనూ ఆ వారం చుట్టూ సున్నాలు పడ్డాయి.

ఆ గురువారం సాయంత్రం వైదేహి ఆయన తనంతట తాను చెబుతాడేమోనని చూసింది. అన్నం వడ్డించింది. బీరకాయ కూర వేసింది.

"శనివారం ఏం పనుందండీ మీకు?"

"బండి సర్వీసుకివ్వాలి."

"షోరూం నుంచి ఫోనేమైనా వచ్చిందా?"

"లేదే. ఎందుకొస్తుంది?" అని నెయ్యి గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"నాకొచ్చింది. సింగిల్ సీటు వచ్చిందట. నా సీటు పారేయమంటారా అని అడిగాడు."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "చలపతి ఐడియా అది" అన్నాడు.

చలపతి ఎముకల డాక్టరు, ఆయనతో పాటు చదువుకున్నవాడు. తెలుగు డాక్టర్లలో బండ్లున్న నలుగురూ కలిసి ఆ జూన్ వారంలోనే స్కాట్లండ్ టూరు వేసుకున్నారు. భార్యలు లేకుండా. చలపతి భార్య నాగేశ్వరి ఎలాగూ బండెక్కదు. మిగతా ఇద్దరి భార్యలకూ సరదా లేదు.

"నలుగురిలో నేనొక్కడినే భార్యని వెనకేసుకుని వెళితే ఏం బాగుంటుంది చెప్పు? ఇప్పటికే వాడు నా బండిని పెళ్లికూతురి పల్లకి అంటున్నాడు. అదీగాక నీకు నడుం నొప్పి."

"నడుం నొప్పి రాకూడదనే కదండీ అన్ని బండ్లెక్కి దిగాను?"

"రోజంతా కూర్చోవాలంటే కష్టమే. నీ మంచికే."

"ఎప్పుడు అనుకున్నారిదంతా?"

ఆయన మంచినీళ్లు తాగాడు. "న్యూ ఇయర్‌కి. చలపతి వాళ్లింట్లో."

న్యూ ఇయర్ అంటే జనవరి. బండి కొన్నది మార్చిలో. వైదేహి చేతిలో గరిటె ఉంది. దాన్ని కూర గిన్నెలో పెట్టింది.

"అయితే ఫిబ్రవరిలో నన్ను షోరూముల చుట్టూ ఎందుకు తిప్పినట్టు?"

"నువ్వు ఒప్పుకోకపోతే బండే వచ్చేది కాదు కదా" అన్నాడు పార్థసారథి. అబద్ధం ఆడితే బాగుండేదని ఆయన మొహం చూస్తే తెలుస్తోంది. "ఆగస్టులో మళ్లీ ఆ సీటు పెట్టించేద్దాం. మనిద్దరం వెళదాం. ఒట్టు."

వైదేహికి చల్లారిన టీ, రోహన్ ట్రాక్ ప్యాంటు, మార్టిన్ నవ్వు గుర్తొచ్చాయి. ఆ రోజు మార్టిన్‌కి తప్ప అక్కడెవరికీ ఆమె కూర్చోవడంతో పని లేదు. స్కిప్టన్ దారిలో చెవి పక్కన వినిపించిన నవ్వు ఒక్కటే అర్థం కాలేదు. అది నిజమే అనిపించింది. కూర గిన్నె మీద మూత పెట్టింది.

మర్నాడు సెలవు వెనక్కి తీసుకుంటావా అని సాండ్రాని అడిగింది. సాండ్రా అప్పటికే క్రిస్మస్‌కి కూతురి దగ్గరికి టికెట్లు కొనుక్కుంది. శనివారం పార్థసారథి బండి సింగిల్ సీటుతో ఇంటికి తెచ్చాడు. వెనక సీటు ఉండాల్సిన చోట టెంటు కట్టుకునే ఇనుప స్టాండు ఉంది. సోమవారం వైదేహి కారేసుకుని షోరూముకు వెళ్లి తన సీటు తెచ్చుకుంది. మార్టిన్ దాన్ని బ్యాక్‌రెస్టుతో సహా కారు ముందు సీట్లో పెట్టాడు. బరువుకి కారు అదేపనిగా బెల్టు పెట్టుకోమని కుయ్యిమంది. దారిలో ఆపి ఆ సీటుకు బెల్టు పెట్టింది.

బయల్దేరిన రోజు తెల్లారగట్టే మిగతా మూడు బండ్లూ వాళ్ల వాకిట్లోకి వచ్చాయి. పక్కింటి ముసలాయన కర్టెన్ తీసి చూశాడు. చలపతి హెల్మెట్ తీసి లోపలికి తొంగిచూశాడు.

"ఏం చెల్లెమ్మా, పులిహోర కట్టలేదా? దారిలో ఈ శాండ్‌విచ్‌లు తిని చావమంటావా?"

"వెనక సీటుంటే కట్టేదాన్నే అన్నయ్యగారూ. ఇప్పుడు పెట్టడానికి చోటేదీ?"

చలపతి నవ్వబోయి, పార్థసారథి వంక చూశాడు. పార్థసారథి గ్లవుజులు తొడుక్కుంటున్నాడు. ఎడమ చేతిది కుడి చేతికి తొడుక్కుని, తీసి, మళ్లీ తొడుక్కున్నాడు.

"వెళ్లొస్తాను" అన్నాడు.

"జాగ్రత్తండీ" అంది. అది కూడా అలవాటే.

ఆ వారం రోజులూ ఆయన ఫొటోలు పంపాడు. తెల్లటి ఇసుక, పచ్చటి నీళ్లు, రోడ్డు మధ్యలో పొడుగు జుట్టు ఆవులు, వరసగా నిలబెట్టిన నాలుగు బండ్లు. వైదేహి చూసింది, జవాబు పెట్టలేదు. వంటగది అరలు కడిగింది. బెల్‌ఫాస్ట్‌కి ఫోన్ చేసి రోహన్‌తో మాట్లాడింది. బండి సంగతి ఎత్తలేదు. బుధవారం మార్టిన్ ఫోన్ చేసి, ఒకామెను పంపించవచ్చా అని అడిగాడు. పంపించమంది.

మరుసటి శనివారం పార్థసారథి ఎండకు కమిలిన మొహంతో తిరిగొచ్చాడు. స్నానం చేసి, చారన్నం తిని, హుషారుగా ఉన్నాడు.

"ఏం దారులనుకున్నావ్ వైదేహీ! నువ్వు చూసి తీరాలి. ఆగస్టు చివర బ్యాంక్ హాలిడే సెలవులకి బయల్దేరదాం. నీ సీటు గరాజులో పెట్టావా?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"వేక్‌ఫీల్డ్‌లో ఒకావిడకి. వాళ్లదీ ఇదే బండి. పాతది కొన్నారట, వెనక సీటు లేదు. మనింటికే వచ్చింది. ఎలా కూర్చుంటే నడుం పట్టదో చూపించాను."

"నన్నొక మాట అడగకుండానా?"

వైదేహి ఆయన కంచం తీసి సింకులో పెట్టింది.  ఆయన ఫోన్ తీసుకుని షోరూముకు చేశాడు. కొత్త సీటు ఫ్యాక్టరీ నుంచి రావాలి, ఇవాళ చెబితే పది వారాలు పడుతుంది, అప్పటికి సెప్టెంబరు వచ్చేస్తుంది అన్నాడు మార్టిన్. ఆర్డరు రాసుకోమంటారా అని అడిగాడు.

ఆలోచించుకుని చెబుతానన్నాడు పార్థసారథి. డిసెంబరులో, క్రిస్మస్ డ్యూటీల మధ్య ఒక రోజు, వైదేహి సర్జరీ నుంచి మార్టిన్‌కి ఫోన్ చేసి అడిగింది. ఆర్డరు ఇవ్వలేదని చెప్పాడు.