తిమ్మప్పన్న, తొమ్మిది మంది రంగమ్మలు

నిన్న పొద్దున ఆఫీస్‌కి బయల్దేరుతుంటే ఫోన్. "తిమ్మప్పన్న పోయిండు. హార్ట్ ఎటాక్."

ఏ తిమ్మప్పన్న అని అడిగాను. తెలిసే అడిగాను.

నాగర్‌కర్నూల్‌లో మా చిన్న డేటా ఆఫీస్‌లో నాకు పని నేర్పిన మనిషి. మొదట్లో, వివరాలన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టి దాచే ఎక్స్‌ఎంఎల్ ఫైల్ అంటేనే వణికేదాన్ని.

"ఏందమ్మా గంత పరేషాన్? ఊరు, ఊళ్లె ఇల్లు, ఇంట్ల మనిషి. తొవ్వ రాస్తే చాలు, కోడే పోయి పట్కొస్తది" అనేవాడు. ఆ తొవ్వనే, ఫైల్‌లో మనిషి దాకా పోయే దారినే, పాత్ అంటారు.

ఒక్కటే రూల్ పెట్టాడు. ఏదైనా మార్చే ముందు, మన పాత్‌కి ఎంతమంది దొరుకుతున్నారో చూసుకోవాలి.

ఆ రోజు నేను చూడలేదు.

కంటి ఆపరేషన్ల క్యాంప్ లిస్ట్ అది. అంతా శ్రీరంగాపూర్ వైపు కూలి చేసుకునే ఆడవాళ్లు. ఒక రంగమ్మ చనిపోయింది, ఆమె ఎదురుగా 'మృతి' అని పెట్టాలి. కార్డ్ నంబర్ ఇవ్వకుండా పాత్‌లో పేరు ఒక్కటే ఇచ్చి రన్ చేశాను. రంగనాయకస్వామి గుడి ఉన్న ఊళ్లో ఇంటికో రంగమ్మ ఉంటుందని నాకు తెలియదా? మా అమ్మమ్మ పేరే రంగమ్మ!

ఫైల్‌లో ఉన్న తొమ్మిది మందికీ 'మృతి' పడింది.

క్యాంప్ రోజు ఎనిమిది మందిని గేట్ దగ్గరే ఆపేశారు. ఒకామె మనవరాలి చెయ్యి పట్టుకుని సీదా మా ఆఫీస్‌కే వచ్చింది. "నేను సచ్చిపోయిన్నంట గదా బిడ్డా. ఎప్పుడు సచ్చిన్నో జర జెప్పు."

ఎవరు చేశారిది అని మా ఆఫీస్ పెద్ద సార్ అరిచారు. నేను తల దించుకుని కీబోర్డ్ చూస్తూ కూర్చున్నాను.

అన్న లేచి "నేనే సార్" అన్నాడు.

ఎనిమిది మందినీ కార్డ్ నంబర్లతో సరిచేసి, ఆ సాయంత్రమే ఉద్యోగం పోగొట్టుకుని వెళ్లాడు. "నీకు కొత్త నౌకరి. నాకు యాడన్న దొరుకుతది, ఊకో" అన్నాడు నాతో.

వడ్డేపల్లిలో జిరాక్స్ షాప్ పెట్టుకున్నాడు. సార్‌కి రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనుకుంటూ మూడేళ్లు గడిపేశాను. సిగ్గులేనిదాన్ని.

నిన్న అంత్యక్రియలయ్యాక అన్న భార్య నా పక్కన కూర్చుంది. "ఆ రంగమ్మల తప్పు జేయకపోతే మీతోనే ఉండేటోడు. ఆ ముసలోళ్ల ఉసురే తగిలిందేమో లతా, నాకదే బుగులైతుంది."

అన్న భార్యకు కూడా నిజం చెప్పలేదు!

నేను అప్పుడు కూడా తల దించుకునే ఉన్నాను.

వదినా, ఇది ఎవరైనా నీకు చదివి వినిపించాలి. ఆ పాత్ రాసింది నేను. అన్న ఏ తప్పూ చేయలేదు. ఎవరి ఉసురైనా తగలాల్సింది నాకే.

సార్, మీరూ చదవండి.

పోయి రా అన్నా. ఇంక ఎవరి మాటా పడకుండా, నెమ్మదిగా నిద్రపో.