చెమటపొక్కుల పౌడరు

కాకినాడ రేవు నుంచి కాలువ పడవలో రాజమహేంద్రవరం వస్తున్నాను. నా కాళ్ల దగ్గర పెట్టెలో సీమ నుంచి ఓడలో దిగిన పౌడరు డబ్బాలున్నాయి. ఎదురుగా ఖాళీ చేపలగంపతో కూర్చున్న ఒకామె వాటినే చూస్తూ, "అందులో ఏముంటుందండీ?" అని అడిగింది.

"బలపం రాయిని మెత్తగా పొడిచేసి అత్తరు కలుపుతారమ్మా. పసిపిల్లల చెమటపొక్కులకి చాలా మంచిది," అన్నాను, అమ్మే అలవాటు కొద్దీ. వాసన చూడమని ఒక డబ్బా మూత తీసి చేతికిచ్చాను.

ఆమె అరచేతి నిండా ఒంపుకుని, నేను మాట్లాడుతుండగానే నా మొహం మీద కొట్టింది. ముక్కూ నోరూ పొడితో నిండిపోయాయి. పడవ అంచు పట్టుకుని దగ్గుతూ, "నీళ్లు, నీళ్లు" అన్నాను. ఎవరో చెంబు అందించారు. పడవ నడిపే సరంగు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

"కిందటి వేసవిలో మీ కొట్లోనే కొన్నానండి శెట్టిగారూ. ఒళ్లంతా అద్దుతుంటే నా బిడ్డ డబ్బా లాక్కుని మొహం మీద ఒంపేసుకుంది. రెండు రోజులు ఇలాగే దగ్గి ప్రాణాలొదిలేసింది. మీరు నీళ్లడిగారు. దానికి ఇంకా మాటలు రాలేదండి."

పోలీసులకి అప్పగిద్దామన్నాడు సరంగు. వద్దన్నాను. తర్వాతి లాకు దగ్గర పడవ ఆగగానే ఆమె గంప ఎత్తుకుని, వెనక్కి చూడకుండా దిగిపోయింది.

ఆ డబ్బాలు కాలువలో పారేశానని చెప్పను. సర్కారు కచేరీ గుమస్తాలకీ, నాటకాల వాళ్లకీ అమ్మేశాను. చంకలో బిడ్డతో వచ్చిన వాళ్లకి మాత్రం సరుకు అయిపోయిందనేవాణ్ణి. ఎందుకివ్వడం లేదో ఒక్క తల్లికీ చెప్పలేకపోయాను.