నీలం పట్టా కింది ట్రాక్టరు

షోరూం పెద్దాయన ఆఖరి ట్రాక్టరును దాచుకున్నాడని, ఎవరెంత బతిమాలినా అమ్మడం లేదని అందరూ చెప్పుకుంటారు. కంపెనీవాళ్ళు డీలర్‌షిప్ తీసేసి బోర్డు విప్పుకుపోయినా ఆయన రోజూ వచ్చి షట్టరెత్తుతాడు. సగం దాకా లేపి, నడుం పట్టుకుని ఊపిరి తీసుకుని, మిగతా సగం లేపుతాడు. గచ్చు ఊడ్చి, మూలనున్న ట్రాక్టరు మీది నీలం పట్టా దులిపి, కుర్చీలో కూలబడతాడు. ఎవరైనా పట్టా ఎత్తబోతే "దుమ్ము పడుతుందయ్యా, వదులు" అని కసురుతాడు.

ఆవేళ పొద్దున్నే, ఎప్పుడో ఇక్కడే ట్రాక్టరు కొన్న రైతొకడు వచ్చాడు. "బండికి నాగలి పైకి లేవట్లేదన్నా, హైడ్రాలిక్ పంపు పోయింది. ఈ మోడల్ సామాను ఇక రాదు, కొత్త బండి కొనుక్కోమన్నారు పట్నం షోరూంలో. నేల పదును ఆరిపోతే ఈసారి పంట లేనట్టే."

"కొనుక్కో మరి. అది ముసలిదైపోయింది."

"నువ్వూ అయ్యావుగా! వదిన నిన్ను మార్చేసిందా ఏంటి?"

పెద్దాయన నవ్వలేదు గాని మూతి ఓ పక్కకి వంగింది. "మధ్యాహ్నం రా," అన్నాడు.

రైతు తిరిగొచ్చేసరికి బల్ల మీద పాతగుడ్డలో చుట్టిన పంపు ఉంది. పెద్దాయన గోళ్ళనిండా గ్రీజు.

"ఎక్కడిదన్నా ఇది?"

"ఎక్కడిదైతే నీకెందుకు? ముందు పొలానికి పో."

అతను వెళ్ళాక పెద్దాయన పట్టా ఎత్తి, అది లోపలికి కుంగినచోట ఓ ఖాళీ అట్టపెట్టె నిలబెట్టి, మళ్ళీ కప్పేశాడు. ఆ పట్టా కింద ఇప్పుడు చట్రం, సీటు, స్టీరింగు మాత్రమే ఉన్నాయి. మిగతా ట్రాక్టరంతా చుట్టుపక్కల పొలాల్లో దున్నుతోంది.